నీళ్ళ దారి

పదకొండేళ్ళుగా ఈ గదిలో నా కుర్చీ
ఆ పటానికి వీపు పెట్టే ఉంది.
కాపలావాడు చూడాల్సింది జనాన్ని, బొమ్మల్ని కాదు.

అయినా నోటికి వచ్చేసింది:
గడ్డకట్టిన సరస్సు, అవతలి గట్టున ఒక కొయ్య ఇల్లు,
నిట్టనిలువుగా పొగ,
ఆకు రాలిన బర్చ్ చెట్లు ఆరు,
ఏడోది చట్రం కింద సగం దాక్కుంది.
ఇత్తడి రేకు మీద: శీతాకాలపు ఉదయం. హల్వోర్ ట్వెయిట్. 1867.

మంగళవారాలు డాక్టర్ లిండ్‌వాల్ వస్తాడు
విద్యార్థుల్ని వెంటేసుకుని.
"మనిషి లేని లోకం చూడండి" అంటాడు.
దేవుడు మాట మానేసిన శతాబ్దం అంటాడు.
పిల్లలు రాసుకుంటారు, ఒకడు ఆవలిస్తాడు.
నేనూ నమ్మాను. నమ్మడానికి ఖర్చేముంది?

మొన్న ఫిబ్రవరిలో, బయట మైనస్ ఇరవై రెండు,
బస్సు ఆలస్యమై, కాస్త వెచ్చబడదామని లోపలికొచ్చింది
ఇంగ్‌ఫ్రిడ్ స్కార్‌బో.
టికెట్టు దండగని గొణుక్కుంటూనే కొంది.
ఎనభై దాటిన మనిషి. బూట్ల మంచు కరిగి
చెక్క నేల మీద మడుగు కడుతోంది.
తుడవమని చెప్పబోయాను.
ఆమె అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని,
వేలితో గాలిలో ఏదో లెక్కపెడుతోంది.

"ఇది పొద్దున కాదు" అంది.

రేకు చూపించాను.

"రేకు రాసినవాడు ఎప్పుడూ నీళ్ళు మోసుండడు.
కిటికీ చూడు, దీపం లేదు.
పొద్దున్నే లేస్తే చీకటి, దీపం పెట్టి తీరాలి.
సాయంత్రమైతే కళ్ళు పూర్తిగా ఆనకుండా పోయేదాకా
నూనె ముట్టనివ్వరు."

ఆ తర్వాత అడుగులు చూపించింది.
కుంచె వణుకనుకున్నాను నేను, ఆ నీలి చుక్కల్ని.
గుమ్మం దగ్గర మొదలై, మంచు మీదుగా,
తిన్నగా మనవైపే,
చట్రం కింది అంచు దాకా.
"పాతవాటి అంచులు గుండ్రబడ్డాయి.
ఇవి పదునుగా ఉన్నాయి, ఇప్పుడేసినవి.
పక్కన ఈ బూడిదరంగు గీత
బకెట్లు తొణికి తొణికి గడ్డకట్టిన దారి.
ఇలాంటిదాని మీదే మా అమ్మ తుంటి విరిగింది."

తిరిగి వెళ్ళిన కొత్త అడుగులేవీ లేవు.
"మరి ఆమె ఏమైంది?" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జాలిగా చూసింది నా వంక.
"ఇక్కడే ఉంది. మనం నిలబడ్డచోటే.
మంచుకి కొట్టిన చిల్లి మన కాళ్ళ దగ్గరుంది,
బొమ్మలో పట్టలేదంతే.
బకెట్లు నింపింది, కింద పెట్టింది.
వేళ్ళు కొంకర్లు పోయి చంకల్లో పెట్టుకుంది.
వెనక్కి తిరిగి ఇల్లు చూసింది.
చూసిందే ఈ బొమ్మ.
పొద్దున్నయితే చూడదు. పాలు పితకాలి, పొయ్యి రాజెయ్యాలి.
సాయంత్రం మాత్రం..."

కాసేపు ఏమీ అనలేదు.

"సాయంత్రం ఇల్లు
కాసేపు వేరేవాళ్ళదిలా కనపడుతుంది."

బస్సు హారన్ కొట్టింది. వెళ్ళిపోయింది.
మడుగు నేనే తుడిచాను.

డాక్టర్‌గారికి ఉత్తరం రాశాను.
ఆసక్తికరం అన్నాడు.
పేరు తర్వాతెప్పుడో వేలంపాటలో పెట్టిందట, ఇక మార్చరట.
ట్వెయిట్ ఈ పటం వేసింది జూన్‌లో, ఊళ్ళో మేడ మీద,
అడుగులు చూపుని లోపలికి లాగే ఎత్తుగడట.
అయ్యుండొచ్చు.

అయిదింటికి దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతాను.
గది అంతా పోయాక కూడా
ఆ మంచు కాసేపు ఉంటుంది.
నా కుర్చీ చూసుకున్నాను:
సరిగ్గా దారికి అడ్డంగా, పదకొండేళ్ళుగా.

రెండడుగులు పక్కకి జరిపాను.
నిండు బకెట్లతో వెనుదిరిగే మనిషికి
చోటు కావాలి కదా.